ఎడమ చన్ను పిల్లది

పంపు షెడ్డు, ఎడారి అంచు
ఎండలు ముదిరిన మొదటి వారం

చెల్లెమ్మా,

దాహంతో ఉన్న జీవం ముందు నిలబడి నువ్వెప్పుడైనా సిగ్గుపడ్డావా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా జవాబు చెప్పు. చల్లటి గదిలో కూర్చుని రోజంతా అంకెలతో మాట్లాడేదానివి. అంకెలకు దాహం వెయ్యదు కదా!

మొన్న ఇంజన్ బెల్టు తెగింది. కొత్తది రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఇక్కడి మందలకు చుక్క నీరు లేదు. బెల్టు బిగించి పంపు తిప్పగానే ముందు తొట్టిలో తల ముంచింది ఎవరనుకున్నావు? నేనే. నీ అన్నే. మెకానిక్కు, పైగా ప్రసంగీకుడు! గుటకలు వేసి తలెత్తితే ఎదురుగా ఒక నల్ల మేక. డొక్కలు లోపలికి పోయాయి, పెదవులు ఎండి పగిలాయి. దాని పొట్ట కింద పిల్ల తాగుతోంది. పిల్ల మూతి నిండా నురగ. మూడు రోజులు తాను తాగకుండా అది తాగిస్తోంది, చెల్లీ! నా గడ్డం మీద నుంచి కారే నీళ్ళు తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు నాకు.

ఎలా ఇస్తోంది? ఎక్కడి నుంచి తెస్తోంది? సృష్టికర్త ఆ చిన్న ఒంట్లో ఏం దాచాడు? గ్రంథం నా పనిముట్ల పెట్టె మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ప్రతి పేజీ మీదా నా బొటనవేలి ఆయిల్ మరక ఉంది. అయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. నీ దగ్గర దొరుకుతుందేమో చెప్పు.

నువ్వు అడిగినట్టే పదకొండు మందల వివరాలు రెండేళ్ళుగా రాశాను. పాలు, మూడు నెలలకు పిల్లల బరువు, తల్లి, తండ్రి. నోటుపుస్తకాలు పాల వ్యానులో పంపుతున్నాను. డ్రైవర్ హారన్‌కి జాగ్రత్తలు చెప్పాను. (వాడి అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో.)

ఇంకోటి. నవ్వకు. గ్రంథంలో, మామ మందను కాసిన ఆ అల్లుడు బెరడు ఒలిచిన కర్రలు తొట్ల ముందు పెట్టాడని చదివాను కదా. వాటిని చూస్తూ చూలు కట్టిన మేకలు మచ్చల పిల్లలను ఈనాయట. నాకు కావలసింది మచ్చలు కాదు, పాలు. అందుకని సున్నం కొట్టిన తెల్లటి కర్రలు పాతాను. ఇప్పటిదాకా కనిపించిన ఫలితం ఒక్కటే: సున్నం నాకి రెండు మేకలకు నోరు పొక్కింది.

నీ అన్న

*

రికార్డుల గది, పశు పరిశోధన కేంద్రం
రెండు వారాల తర్వాత

అన్నయ్యా,

ముందు ఆ కర్రలు పీకెయ్యి.

తర్వాత నీ పనిముట్ల పెట్టె దగ్గరకు వెళ్ళి, ఆ అల్లుడి కథలో ఇంకో పేజీ తిప్పు. ఆయనకు కల వస్తుంది. ఆ కలలో కర్రల ఊసే లేదు. మేకల మీదికెక్కిన పోతులను చూడమంటాడు దేవదూత. చూస్తే ప్రతిదీ చారలదో మచ్చలదో. పిల్లల మీద మచ్చ తొట్టి గట్టు నుంచి రాలేదు, తండ్రి నుంచి వచ్చింది. మా శాస్త్రం చెప్పేదీ అదే. ఇన్నేళ్ళుగా గొంతు చించుకుని ప్రసంగాలు చెబుతున్నావు, ఒక్క పేజీ తిప్పలేదేం?

సిగ్గుపడ్డావా అని అడిగావు. పడ్డాను, నీ నోటుపుస్తకాలు చూసి. రెండేళ్ళలో ఒక్క రోజు వదల్లేదు నువ్వు. ఇక్కడ జీతాలు తీసుకునేవాళ్ళం ఇంత శ్రద్ధగా రాయం. పుస్తకం తెరిస్తే గదంతా గ్రీజు వాసన. పక్క బల్లావిడ ముక్కు మూసుకుంటోంది. నేను మాత్రం మూసుకోలేదు.

పిల్ల ఎదగడంలో, మేక పాలివ్వడంలో కొంత రక్తం నుంచి వచ్చేది, కొంత మేత నుంచి వచ్చేది. ఏది ఎంతో విడదీయడమే నా ఉద్యోగం. నీ పుస్తకాల్లోంచి సగటులు తీశాను. చెప్పడానికి బాధగా ఉంది. మన నల్ల మేక పూటకు అర లీటరు కూడా ఇవ్వడం లేదు. మా కేంద్రంలోని తెల్ల సంకరం లీటరు దాటిస్తోంది. రెట్టింపు కంటే ఎక్కువ, అన్నయ్యా. దాన్ని మేత తేడా అనుకుని వదిలెయ్యలేను.

కాబట్టి నివేదిక రాశాను. నా ఒక్కదాని సంతకంతో వెళ్ళిన మొదటి నివేదిక ఇదే. అక్కడి నల్ల పోతులకు, ఇక పిల్లలు పుట్టకుండా, విత్తులు నొక్కించాలి. వానల తర్వాత తెల్ల పోతులను పంపుతాం. ఈలోపు నమూనాకు నాలుగు తెల్ల మేకలు వస్తాయి, వాటిని చూసుకునే మనిషి కూడా వస్తాడు. నువ్వు చెబితే జనం వింటారు. చెబుతావా?

నీ చెల్లెలు

*

పంపు షెడ్డు
పద్దెనిమిది రోజుల తర్వాత

చెల్లెమ్మా,

పేజీ తిప్పాను. తిప్పి తొట్టి గట్టు మీద అలాగే కూలబడ్డాను. పోతులను చూడు అని అంత స్పష్టంగా ఉంది! ఇరవై ఏళ్ళు చదివిన వాక్యాన్ని నువ్వు ఉత్తరంలో నాలుగు మాటల్లో తెరిచి పెట్టావు. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని నా చెవులు పట్టుకుని నన్ను నడిపించేదానివి, గుర్తుందా? ఇప్పుడూ అంతే.

కర్రలు పీకేశాను. నీ నివేదికను ప్రార్థన కూటంలో ప్రసంగంగా చెప్పాను. అబ్బ, ఏం చెప్పాననుకున్నావు! రేకుల కప్పు అదిరింది. "మీ మందల్లోకి ఎవరిని రానిస్తున్నారు? గుమ్మంలో ఎవరిని నిలబెట్టారు?" అని బల్ల గుద్దితే మైకు కింద పడింది. మాటలతో సరిపెట్టలేదు. ముందు నా పోతునే, నేను దొర అని పిలుచుకునేదాన్నే, పటకారు దగ్గరకు తోలుకెళ్ళాను. నా వైపొకసారి చూసింది. తల తిప్పుకున్నాను. ఆ వారంలోనే పది మందల్లో పని అయిపోయింది, పాలు తాగే పోతుపిల్లలతో సహా.

ఒక్క మంద మిగిలింది. మొండమ్మ మంద. అదే, పడమటి కంచె దగ్గర ఒంటరిగా ఉండే పెద్దమ్మ. ఆవిడ దగ్గర ముసలి కుంటి పోతు ఒకటుంది, అందరూ కుంటాయన అంటారు. "నొక్కనివ్వను" అంది. కారణం చెప్పలేదు. తర్వాతి కూటంలో అందరి ముందూ కడిగేశాను. వెలుగు వచ్చినా కిటికీ మూసుకునే గుండె అన్నాను. ఆవిడ మూడో వరసలో ఉంది. లేచి నిలబడింది, నోరు తెరిచింది. నేను ఆగలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అది మాత్రం ఇప్పటికీ లోపల గుచ్చుతూనే ఉంది.

నీ నాలుగు తెల్ల మేకలు వచ్చాయి. దొరసానులే! నీడలోంచి కదలవు. రోజుకు రెండు సార్లు నీళ్ళు, బస్తా దాణా. చూడటానికి అందంగానే ఉన్నాయి. కానీ నీ మనిషి చేసేది విను. పిల్లలను వేరే దొడ్లో కట్టేసి సీసా పాలు పట్టి, తల్లికి రెండు చన్నులూ పిండేస్తున్నాడు! అమ్మ చూసి ఉంటే అతని చెయ్యి విరిచేది. ఎడమ చన్ను పిల్లది, కుడి చన్ను ఇంటిది. కళ్ళం తొక్కే ఎద్దు నోరు కట్టొద్దన్న దేవుడు, మేకపిల్ల నోరు కట్టమంటాడా? అడిగితే నవ్వాడు. చదువుకున్నవాళ్ళ పద్ధతి కాబోలులే అని ఊరుకున్నాను.

తెల్ల పోతులు ఎప్పుడొస్తాయి?

నీ అన్న

*

రికార్డుల గది
ఉత్తరం అందిన రోజే

అన్నయ్యా,

హారన్‌ని గేటు దగ్గర ఆపి నిలబడే రాస్తున్నాను. ఒక్క మాట చెప్పు. రెండేళ్ళూ నువ్వు రాసిన పాలు ఒక చన్నువా, రెండువా?

చెల్లెలు

*

పంపు షెడ్డు

ఒకటే. కుడిది. గిన్నెలో పడ్డదే కదా రాయమన్నావు. ఎడమది ఎవరైనా పిండుతారా? ఎందుకు?

అన్న

*

రికార్డుల గది
ఆ తర్వాతి వ్యానుకు

అన్నయ్యా,

ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు.

నువ్వు కొలిచింది మన మేక ఇచ్చే పాలలో సగం. నేను దాన్ని రెండు చన్నులూ పిండిన తెల్ల మేక పాలతో పోల్చాను. సగాన్ని మొత్తం అనుకున్నాను. ఇక్కడ పుట్టి పెరిగిన ఏ అధికారైనా ఈ తప్పు చేస్తే క్షమించవచ్చు, వాళ్ళకు తెలియదు. నేను పన్నెండేళ్ళు వచ్చేదాకా రోజూ పొద్దున పిండాను. కుడిదే పిండాను. ఎడమదాని మీద చెయ్యి పడితే అమ్మ వేళ్ళ మీద కొట్టేది. ఆ వేళ్ళతోనే నివేదిక రాశాను. అంకెలు చూస్తుంటే ఆ దెబ్బ గుర్తుకు రాలేదు.

మళ్ళీ మొదటి నుంచి లెక్కగట్టాను. మన మేక తెల్లదానిలో సగం బరువే ఉంటుంది. రోజు విడిచి రోజు నీళ్ళు తాగుతుంది. దాణా మొహం ఎరగదు. అలాంటిది, పిల్ల వాటా కలిపితే పూటకు దాదాపు లీటరు. దాని పిల్ల ఒక్క చన్నుతో మూడు నెలలకు తూగే బరువు, ఇక్కడ సీసాలు పట్టి పెంచే పిల్లల బరువుకు రెండు కిలోలే తక్కువ. ఎండలు ముదిరిన నెలలో నీళ్ళు తగ్గించి చూస్తే మా తెల్లవి ఎనిమిదో రోజుకే వట్టిపోయాయి. మనవి వట్టిపోలేదు. నీకు సిగ్గు తెప్పించిన ఆ నల్లదాని పేజీ వెతికాను. పంపు ఆగిన మూడో రోజు కూడా పావు లీటరు రాశావు, కుడి వైపు మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి. మొదటిసారి సగటులు తీసి ఊరుకున్నాను. ఈసారి నువ్వు అడిగి అడిగి నింపిన "తండ్రి ఎవరు" గడి చూశాను. ఎండాకాలం చివరిదాకా పాలు నిలబెట్టినవి పంతొమ్మిది మేకలు. అయిదు వేర్వేరు మందల్లో ఉన్నాయి. ఒకరు బాగా మేపుతారు, ఒకరు అసలు పట్టించుకోరు. మేత వేరు, నీడ వేరు, చెయ్యి వేరు. అయినా అన్నిటిదీ ఒకటే తీరు. వాటన్నిటికీ సమానంగా ఉన్నది ఒక్క తండ్రే. పంతొమ్మిది గడుల్లోనూ నీ గుండ్రటి అక్షరాలతో ఒకే పేరు ఉంది: కుంటాయన.

నా జీవితంలో ఇంత అందమైన లెక్క చూడలేదు అన్నయ్యా. చూసి ఏడ్చాను.

పెద్దాయన దగ్గరకు, అదే మా డైరెక్టర్ దగ్గరకు, వెళ్ళి నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నీ నోటుపుస్తకాలు తెప్పించుకుని తిరగేశారు. తర్వాత, "మీ అన్న ఏం చేస్తాడన్నావు?" అన్నారు. పంపు మెకానిక్కని చెప్పాను. "నీ లెక్క తప్పని నిరూపించేంత నిజాయితీగా రాశాడు, ఒకసారి చూడాలి ఆయన్ని" అన్నారు. తెల్ల పోతులను ఆపేశారు.

కానీ నొక్కిన విత్తులను వెనక్కి తేలేం. పది మందల్లోనూ ఇక పనికొచ్చే నల్ల పోతు లేదు. నేను రాశాను, నువ్వు చెప్పావు. మిగిలింది ఎవరి దగ్గరో నీకు తెలుసు. వెళ్ళు. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు.

నీ చెల్లెలు

*

పడమటి కంచె, మొండమ్మ గారి పెరడు
వాన పడ్డ నాలుగో రోజు

చెల్లెమ్మా,

నిన్ను తిట్టను. తిట్టే నోరు నాకిప్పుడు లేదు.

నీ ఉత్తరం అందాక రెండు సార్లు కంచె దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. ఒకసారి స్పానరు మర్చిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారి ఆ సాకు కూడా దొరకలేదు, ఊరికే భయం. వెయ్యి మంది ముందు వణకని నేను ఒక ముసలావిడ గుమ్మానికి వణికాను. మూడోసారి లోపలికి వెళ్ళాను.

ఆవిడ ఎండు కాయలు రాతి మీద నలుగగొట్టి, దోసిట్లో పెట్టి కుంటాయనకు తినిపిస్తోంది. దానికి పళ్ళు లేవు. పదకొండేళ్ళట.

"ఎవరూ? ప్రసంగమా?" అంది తలెత్తకుండా.

"నేనే పెద్దమ్మా."

"మైకు లేకుండా వచ్చావే!"

మట్టిలో కూర్చున్నాను. తప్పయిపోయిందన్నాను.

"పోతు కోసం వచ్చావా, నా కోసం వచ్చావా?"

"ఇద్దరి కోసమూ."

"అబద్ధం. పోతు కోసమే వచ్చావు. పర్లేదు, నాకంటే అదే పనికొస్తుంది." చేతులు దులుపుకుంది. "నన్నెక్కడ తిట్టావురా?"

"కూటంలో."

"మరి ఈ ఏడుపు నా పెరట్లో ఏడుస్తావేం? ఇక్కడ వినేది మేకలే. వాటికి నీ మీద ఆ సున్నం కర్రల కోపం తప్ప ఇంకేం లేదు."

చెల్లీ, నవ్వొచ్చింది, కన్నీళ్ళొచ్చాయి, రెండూ ఒకేసారి. అప్పుడు అడిగాను: ఈ కుంటిదాన్ని ఎలా ఎంచావు, ఎందుకు ఉంచావు? ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నీ పుస్తకాల్లో రాసుకో.

"పాలు ఎక్కువిచ్చినదాని కొడుకుని ఉంచకూడదు. వాన పడ్డాక ఏ మేకైనా ఇస్తుంది, అదేం గొప్ప? వాన రేపు పడుతుందనగా ఇవాళ, గడ్డిపోచ లేని రోజున, ఇంకా పాలు చేపే తల్లి ఏదో చూసుకోవాలి. దాని కొడుకుని ఉంచాలి. ఆ కొడుకు ఒక్క చన్నే తాగి మూడు నెలలకు తల్లి పొట్ట కింద పట్టనంత ఎదగాలి. వంగి, మోకాళ్ళ మీద కూలబడి తాగాలి. అలా తాగాడు వీడు. కాలు పెద్దయ్యాక విరిగింది, అది పిల్లలకు పోదు. మా అత్త ఇలాగే ఎంచేది. ఆవిడకు వాళ్ళ అత్త చెప్పింది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"నీ పుస్తకంలో తండ్రి ఎవరని గడి ఉంది. ఎందుకని గడి ఉందా? కూటంలో చెబుదామనే లేచాను. నువ్వు ఊపిరి తీసుకుంటేగా!"

చూశావా? నువ్వు ఏళ్ళ తరబడి చదివి, రెండేళ్ళ అంకెలు ముందేసుకుని కనిపెట్టినదాన్ని, ఆ అత్తలూ కోడళ్ళూ కాగితం లేకుండా, ఏడాదికొక్క రోజు, కరువు అంచున నిలబడి ఎంచారు! నేను నిన్ను చిన్నబుచ్చడం లేదు. నువ్వు చూశావు కాబట్టే నేను చూశాను. నువ్వూ పెద్దమ్మా ఒకే వెలుగును రెండు కిటికీల్లోంచి చూశారు. కిటికీ మూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నిన్న కూటం పెట్టాను. అందరూ వచ్చారు. మైకు పక్కన పెట్టేశాను. దారిలో నిలబడ్డ దూతను గాడిద చూసింది, దాని మీద కూర్చున్న ప్రవక్త చూడలేదు, చూసిన గాడిదను మూడు సార్లు కొట్టాడు, ఆ ప్రవక్తను నేనే అన్నాను. ఆవిడ మూడో వరసలోంచి, "అయితే నేను గాడిదనా?" అంది. రేకులు మళ్ళీ అదిరాయి, ఈసారి నవ్వులకు. తర్వాత ఆవిడను ముందుకు పిలిచాను. ఆవిడ అరగంట మాట్లాడింది. నేను కింద, మట్టిలో కూర్చుని, నోటుపుస్తకంలో "ఎందుకు" అని కొత్త గడి గీసి రాసుకున్నాను. ఇరవై ఏళ్ళలో ఆ కప్పు కింద నేను విన్న మొదటి ప్రసంగం అది. మిగతావన్నీ నేను చెప్పినవే కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఊపిరి బిగబట్టు.

వాన పడింది. మేకలు ఎదకొస్తున్నాయి. తెల్లారకముందే పది మందల వాళ్ళూ మేకలను తోలుకుని ఈ కంచె చుట్టూ నిలబడ్డారు. కుంటాయన ఒక్కడు; పెద్దమ్మ మందలో ఇంకో పోతుగానీ పోతుపిల్లగానీ లేదు. నిన్న మూడింటిని దాటాడు. ఇవాళ పొద్దున ఒకదాన్ని దాటి పడుకున్నాడు. కాయలు పెడితే మూతి తిప్పుకుంటున్నాడు. డొక్కలు ఎగరేస్తున్నాడు. పెద్దమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎన్నాళ్ళు?" అని నేను అడగలేదు. "రెండు మూడు రోజులు" అని ఆవిడే అంది, ఎటో చూస్తూ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ దగ్గర పొగలు కక్కే చలి డబ్బా ఉందన్నావు. పోతు విత్తనాన్ని అందులో ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారన్నావు. ఒక్కసారి తీస్తే యాభై మేకలకు సరిపోతుందన్నావు. నాలుగు మేకలు దాటించినంత మాత్రాన ఆ వరస నిలబడుతుందా? నాలుగూ ఆడపిల్లలనే ఈనితే? చెల్లీ, ఎందరో అత్తలు ఎంచి ఎంచి తెచ్చిన ఆ రక్తం ఇవాళ ఒక ముసలి గుండె మీద వేలాడుతోంది. పటకారు పట్టించిన చేతులు నావి, కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి నీది. కడుక్కోవడానికి మనిద్దరికీ ఒకటే తొట్టి.

పెద్దాయన నన్ను చూడాలన్నారు కదా, ఆయన్నీ రమ్మను. నిద్రపోతుంటే లేపు, మీటింగులో ఉంటే తలుపు కొట్టు. హారన్ పాల క్యాన్లు దించేసి, ముందు సీటు ఖాళీ చేసి, గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఇంజన్ ఆపొద్దని చెప్పాను. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో, ఆ బండి సంగతి నాకు తెలుసు.

జవాబు రాయకు. ఆలోచిస్తూ కూర్చోకు. బట్టలు సర్దకు. వచ్చే వ్యాను అనకు, రేపు అనకు. ఈ ఉత్తరం బల్ల మీద పడేసి లే. డబ్బా ఎత్తు. ఈరోజే, ఇప్పుడే, బండెక్కు!

నీ అన్న